చక్రములపై పరుగు

విద్యార్థులారా, పాంచాలంకురిచ్చి యనగానే మనకందఱికిని వీరపాండ్య కట్టబొమ్మన స్ఫురించును. 1799 అక్టోబరు 16వ తేదీన కయత్తాఱులో ఆయనను ఉరితీయుటతో కథ ముగిసెనని తలచువారు కలరు. కథ ముగియలేదు. మాట సరిగా రాని ఆయన తమ్ముడు 1801 ఫిబ్రవరిలో పాళయంకోట చెఱసాలనుండి తప్పించుకొని వచ్చి, నేలమట్టమైన కోటను మరల లేవనెత్తి, కుంపినీ సైన్యమును నెలల తరబడి ఎదిరించి నిలిచెను. తమిళులు ఆయనను ఊమైదురై యందురు, అనగా మూగదొర. ఆయనపై యుద్ధము చేసిన సైన్యములోని అధికారి జేమ్స్ వెల్ష్ సహితము తన జ్ఞాపకముల గ్రంథమున ఆయన ధైర్యమును మెచ్చుకొని వ్రాసియున్నాడు. కాని లోకము ఆయనకు పేరు పెట్టునపుడు శౌర్యమును చూడలేదు, నోటిలోని లోపమునే చూచినది. దేహమున ఒక కొఱత యున్నచో మనిషినంతటిని ఆ కొఱత పేరనే పిలుచుట మనకు పాత అలవాటు.

ఆ అలవాటునకు లోబడక, మీ వయసుననే తన పాఠశాలను న్యాయస్థానమునకు ఈడ్చిన ఒక బాలిక చరిత్రను ఈ వ్యాసమున వ్రాయుచున్నాను. ఆమె పేరు తత్యానా మెక్‌ఫాడెన్. చక్రముల కుర్చీలో కూర్చుండి చేతులతో చక్రములను త్రోయుచు పరుగుపందెములలో పాల్గొను క్రీడాకారిణి. ఆమె గెలిచిన పతకములు పెక్కు. వానికంటె ఆమె ఉన్నత పాఠశాలలో ఉండగా జరిగిన సంగతియే మనకు ముఖ్యము. అయినను మొదటినుండి చెప్పవలయును.

తత్యానా 1989 ఏప్రిల్ 21వ తేదీన రష్యాలోని లెనిన్‌గ్రాడ్ నగరమున జన్మించెను. నేడు ఆ నగరము పేరు సెయింట్ పీటర్స్‌బర్గ్. తల్లి గర్భమున శిశువు వెన్నెముక పూర్తిగా మూసికొనకపోవుట ఒక లోపము. దానిని వైద్యులు స్పైనా బైఫిడా యందురు. (గర్భము ధరించుటకు ముందునుండియే వైద్యుల సలహాపై ఫోలిక్ ఆమ్లమును పుచ్చుకొనిన స్త్రీల శిశువులకు ఈ ప్రమాదము చాల తగ్గును, తల్లులు గుర్తుంచుకొనదగిన విషయము.) ఈ లోపమువలన తత్యానాకు నడుము క్రింది భాగము చచ్చుపడినది. కన్నతల్లి ఆమెను పెంచుకొనజాలక అనాథాశ్రమమున విడిచెను. ఆ ఆశ్రమమున చక్రముల కుర్చీ లేదు. తక్కిన పిల్లలు కాళ్ళపై నడచుచుండగా ఆమె చేతులపై నడచుట నేర్చుకొనెను. ఒక పూట కాదు, ఒక నెల కాదు. బాల్యములోని తొలి యేండ్లన్నియు అట్లే గడచినవి. తరువాతి కాలమున లోకము చూచి ఆశ్చర్యపడిన ఆ భుజబలము అక్కడనే మొదలైనది. "యా సమా" యనునది ఆమె తఱచుగా పలికిన రష్యను మాట. నేనే చేసికొందును అని దాని యర్థము.

అమెరికా ప్రభుత్వమున వికలాంగుల విషయములు చూచు శాఖకు అధికారిణిగా ఉండిన డెబొరా మెక్‌ఫాడెన్ ఉద్యోగకార్యముపై రష్యా వచ్చి ఆ ఆశ్రమమును చూచెను. డెబొరాయును యౌవనమున ఒక వ్యాధిచేత కొన్నేండ్లు చక్రముల కుర్చీలో గడపినదే. ఆమె 1994లో తత్యానాను దత్తు తీసికొని అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రమునకు తీసికొనిపోయెను. అప్పటికి బిడ్డ దేహము మిక్కిలి బలహీనముగా ఉండినందున, బలము చేకూరుటకై ఆమెను ఆటలలో చేర్చిరి. ఈత, బంతియాట, మంచుపై ఆట, అన్నియు ప్రయత్నించి తుదకు ఎనిమిదవ యేట చక్రముల కుర్చీ పరుగు వద్ద ఆగినది. 2004లో, 15 యేండ్ల వయసున, ఆమె ఏథెన్స్ పారాలింపిక్స్‌నకు పోయి 100 మీటర్ల పందెమున వెండి పతకమును, 200 మీటర్ల పందెమున కంచు పతకమును గెలిచి తిరిగి వచ్చెను.

ఇచట ఆ కుర్చీని గూర్చి కొంత చెప్పనిదే పందెము బోధపడదు. ఆసుపత్రిలో మనము చూచు కుర్చీకి నాలుగు చక్రములు. పందెపు కుర్చీకి మూడే. ముందు చిన్న చక్రము ఒకటి చాల దూరముగా చాచి యుండును. వెనుక రెండు పెద్ద చక్రములు. అవి నిటారుగా ఉండవు. పైభాగము లోనికి, అడుగుభాగము వెలుపలికి ఒరగియుండును. అడుగు వెడల్పైనకొలది మలుపులలో కుర్చీ బోర్లపడదు. పై భాగము లోనికి వంగుటచేత చేతులు చక్రమునకు రాచుకొనక నేరుగా క్రిందికి దిగును. కుర్చీ బరువు ఇంచుమించు 8 నుండి 10 కిలోగ్రాములు. గొలుసుగాని, వేగము మార్చు పండ్లచక్రముగాని ఉండరాదని నియమము. చోదకశక్తి యంతయు మనుష్యుని చేతులదే.

క్రీడాకారుడు చక్రమును పట్టుకొని త్రిప్పుననుకొనుట పొరపాటు. పెద్ద చక్రమునకు ప్రక్కగా ఒక చిన్న వలయము బిగించియుండును. గట్టి చేతితొడుగు తొడిగికొని, పిడికిలితో ఆ వలయమును పైనుండి కొట్టి క్రిందివఱకు నెట్టి విడిచిపెట్టవలయును. గణితము వచ్చిన విద్యార్థులు దీనిని లెక్కగట్టవచ్చును. పెద్ద చక్రము వ్యాసము 70 సెంటీమీటర్లు అనుకొందము. దాని చుట్టుకొలత సుమారు 220 సెంటీమీటర్లు. వలయము వ్యాసము 37 సెంటీమీటర్లైనచో చుట్టుకొలత సుమారు 116 సెంటీమీటర్లు. అనగా చేయి 116 సెంటీమీటర్లు కదలినచో కుర్చీ 220 సెంటీమీటర్లు ముందుకు పోవును. దూరము లాభించినది, కాని బలము అంతకంత ఎక్కువ కావలయును. కావుననే పందెము మొదలగునపుడు కుర్చీ మందముగా కదలి, వేగము పుంజుకొనిన పిమ్మట బాణమువలె పోవును. గంటకు 30 కిలోమీటర్లు దాటు వేగము వీరికి సామాన్యము.

మలుపులలో ఏమి చేయుదురని మీకు సందేహము రావచ్చును. రెండు చేతులును త్రోయుటలో మునిగియుండగా దారి మళ్ళించువారెవరు? అందులకై ముందు చక్రమునకు ఒక మీట అమర్చియుందురు. వంపు వచ్చునప్పుడు దానిని ఒక దెబ్బ కొట్టినచో చక్రము ఆ వంపునకు సరిపడునంత ఒరగి నిలిచియుండును. వంపు దాటగానే మఱియొక దెబ్బ. ఆ క్షణమాత్రపు దెబ్బ తప్పినచో కుర్చీ గీత దాటిపోవును. ఇక గాలికి అడ్డు తగ్గుటకై మోకాళ్ళపైకి వంగి కూర్చుండుట, ఒకరి వెనుక ఒకరు నక్కి ముందువానిచేత గాలి నరికించుట మొదలగు ఉపాయములు సైకిలు పందెములు చూచినవారికి తెలిసినవే.

అందఱి దేహస్థితియు ఒక్కటి కాదు గనుక వర్గములు ఏర్పఱచిరి. చక్రముల కుర్చీ పరుగులో టి51 మొదలుకొని టి54 వఱకు నాలుగు వర్గములు. చేతులలోను, మొండెమునందును ఎంత పట్టు ఉన్నదో పరీక్షించి నిర్ణయింతురు. తత్యానా టి54 వర్గమునకు చెందినది. మెదడు సంబంధమైన లోపముచే అవయవములు స్వాధీనములో లేనివారికి టి33, టి34 అని వేఱు వర్గములు కలవు.

ఇక పాఠశాల సంగతికి వత్తము. ఏథెన్స్‌లో రెండు పతకములు గెలిచిన బాలిక హోవర్డ్ కౌంటీలోని ఎథోల్టన్ ఉన్నత పాఠశాల పరుగు జట్టులో చేరినది. జట్టు దుస్తులు ఇచ్చిరి. సాధన చేయనిచ్చిరి. కాని పాఠశాలల మధ్య పోటీ జరుగునపుడు తక్కిన బాలికలతో కలిసి బాటపైకి రానీయలేదు. వారి పందెము ముగిసిన పిమ్మట ఆమె ఒక్కతెయే ఆ బాటపై పరుగిడవలయును. అధికారులు చెప్పిన కారణము కుర్చీ తగిలి పరుగెత్తువారికి గాయములగుననునది. ఆ భయము పూర్తిగా నిరాధారమని నేననను. మూడు చక్రముల బండి కాలికి తగిలినచో నొప్పి కలుగును. కాని ఆ భయమునకు మందు నియమములు ఏర్పఱచుట గాని ఒక పిల్లను వెలివేయుట కాదు. ఖాళీ బాటపై ఒంటరిగా తిరిగి వచ్చు పదునైదేండ్ల బాలికను ప్రేక్షకులు జాలితో చప్పట్లు కొట్టి చూచుచుండుట ఎట్లుండునో తల్లిదండ్రులు ఊహింపగలరు. అది పందెము కాదు. ప్రతిస్పర్ధి లేనిచోట గెలుపును లేదు, ఓటమియు లేదు. ఓడిపోవు హక్కు కూడ ఆమెకు లేకపోయెను.

తల్లియు కూతురును 2005లో వ్యాజ్యము వేసిరి. ఒక్క డాలరైనను నష్టపరిహారము కోరలేదు. తక్కినవారితో ఒకే సమయమున ఒకే బాటపై పరుగిడనిండు. ఇదియే వారి కోరిక. 2006 ఏప్రిల్ మాసమున న్యాయమూర్తి ఆమెను అనుమతింపవలసినదిగా ఉత్తరువిచ్చెను.

ఆ మీదట అంతయు సుఖాంతమైనదని వ్రాయుట సులభము. కాని అట్లు జరుగలేదు. ఆ యేటనే రాష్ట్రస్థాయి పోటీలలో 1600 మీటర్ల పందెమున ఆమె తన జట్టులోని మఱియొక బాలికకు వేగము చూపించి తోడ్పడెనని నిర్ణయించి అధికారులు ఆ బాలిక గెలుపును రద్దుచేసిరి. ప్రజలలో కొందఱు తత్యానానే నిందించిరి. నా యభిప్రాయమున ఇది ఆమె దోషము కాదు, నియమములు లేకుండుట దోషము. ఏలయన దూరపు పందెములలో కుర్చీవారు కాలిపరుగువారికంటె వేగముగా పోదురు. మారథాన్‌నే తీసికొనుడు. అది 42.195 కిలోమీటర్లు, ఇంచుమించు కోవిల్‌పట్టినుండి సాత్తూరు పోయి మరల వచ్చునంత దూరము. 2023లో షికాగోలో కెల్విన్ కిప్టుమ్ కాలినడకను దానిని 2 గంటల 35 సెకండ్లలో పరుగెత్తెను. స్విట్జర్లాండ్ దేశస్థుడు మార్సెల్ హూగ్ 2021లో జపానులోని ఓయిటాలో కుర్చీపై 1 గంట 17 నిమిషముల 47 సెకండ్లలో ముగించెను. ఈ రెంటిని పోల్చి ఎవరు గొప్పయని అడుగుట సైకిలును గుఱ్ఱముతో పోల్చుట వంటిది. కలిసి పరుగెత్తుట వేఱు, ఒకరిని మఱియొకరితో కొలుచుట వేఱు. ఒకే తుపాకి మ్రోతకు అందఱు బయలుదేరవచ్చును. లెక్క మాత్రము ఎవరి వర్గమున వారికే వ్రాయవచ్చును. నేటి పెద్ద మారథాన్‌లు ఈ పద్ధతిపైననే నడచుచున్నవి. 1975లోనే బాస్టన్ మారథాన్‌లో బాబ్ హాల్ అను యువకుడు, 3 గంటలలోపల ముగించినచో యోగ్యతాపత్రము ఇత్తుమని నిర్వాహకులు చెప్పగా, 2 గంటల 58 నిమిషములలో ముగించి ఆ త్రోవ తెఱచియుండెను.

మేరీలాండ్ రాష్ట్ర శాసనసభ 2008లో ఒక చట్టము చేసినది. దాని ప్రకారము ఆ రాష్ట్రములోని పాఠశాలలు వికలాంగులైన విద్యార్థులకు వ్యాయామ తరగతులలోను, క్రీడలలోను అవకాశము కల్పింపవలయును. 2013లో అమెరికా దేశపు విద్యాశాఖయు దేశమునందలి పాఠశాలలన్నిటికి ఈ విషయమై తాకీదు పంపినది. తత్యానాకు హన్నా యను చెల్లెలు కలదు. ఆమెయు దత్తపుత్రికయే, ఒక కాలు లేనిది. అక్క పడిన పాట్లు చెల్లెలు పడవలసిన పని లేకపోయెను. 2012లో లండన్ పారాలింపిక్స్ 100 మీటర్ల తుది పందెమున అక్కచెల్లెండ్రిద్దఱును ఒకే గీతపైనుండి బయలుదేరిరి.

ఆమె తరువాతి విజయములను త్వరగా చెప్పుదును. లండన్‌లో 400, 800, 1500 మీటర్లలో స్వర్ణములు. 2013లో ఫ్రాన్సులోని లియోన్ ప్రపంచపోటీలలో 6 స్వర్ణములు. ఆ యేటనే బాస్టన్, లండన్, షికాగో, న్యూయార్కు మారథాన్‌లు నాలుగును గెలిచెను. ఒక సంవత్సరమున ఆ నాలుగింటిని గెలిచినవారు అంతకుముందు లేరు, కాళ్ళతో పరుగెత్తువారిలోను లేరు, కుర్చీవారిలోను లేరు. ఆ యేప్రిల్ 15వ తేదీన ఆమె బాస్టన్‌లో గెలిచిన నాడే అచట బాంబులు ప్రేలి జనులు మరణించిరి. ఆఱు దినములకే, తన 24వ జన్మదినమున, ఆమె లండన్ వీధులలో మరల పందెమునకు నిలిచి గెలిచెను. 2014లో తాను పుట్టిన దేశమైన రష్యాకే పోయి సోచి నగరమున మంచుపై జారు పందెమున వెండి పతకము పొందినపుడు ప్రేక్షకులలో కన్నతల్లియు పెంచినతల్లియు ఇద్దఱు నుండిరి. 2016లో రియోలో 4 స్వర్ణములు, 2 వెండి పతకములు. 2017లో రక్తము గడ్డకట్టు వ్యాధిచే శస్త్రచికిత్సల పాలైనను మరల వచ్చి, 2021లో జరిగిన టోక్యో పోటీలలో జట్టు పరుగున స్వర్ణము సంపాదించెను. పారాలింపిక్స్ పతకములు మొత్తము 20కి మించినవి.

ఇదంతయు సంపన్న దేశపు కథ, మనకేమి అని ఎవరైన అనవచ్చును. మన దేశపు చరిత్రయు తక్కువది కాదు. మహారాష్ట్రమున పుట్టిన మురళీకాంత్ పేట్కర్ సైనికుడు. 1965 యుద్ధమున గుండ్లు తగిలి నడుము చచ్చుపడగా, 1972లో జర్మనీలోని హైడెల్‌బర్గ్ పారాలింపిక్స్‌లో 50 మీటర్ల ఈతలో స్వర్ణము గెలిచెను. పారాలింపిక్స్‌లో భారతదేశమునకు అదియే మొదటి స్వర్ణము. చక్రముల కుర్చీ పరుగులో మనవారిలో ముందుగా చెప్పదగినది బెంగుళూరుకు చెందిన మాలతీ హొళ్ళ. 1958లో పుట్టి, 14 నెలల ప్రాయమున జ్వరము వచ్చి దేహము చచ్చుపడగా, ఇల్లు విడిచి చెన్నపట్టణములోని ఎముకల చికిత్సాలయమున ఏండ్ల తరబడి పెరిగినది. అనేక శస్త్రచికిత్సలు జరిగినవి. పిమ్మట బ్యాంకు ఉద్యోగము చేయుచు 200 మీటర్ల కుర్చీ పరుగులోను, గుండు, పళ్ళెము, ఈటె విసరుటలోను పతకములు గెలిచి 1995లో అర్జున పురస్కారమును, 2001లో పద్మశ్రీని పొందెను.

మన తెలుగువారిలోను ఒకరు కలరు, అదియు తమిళనాడులోనే. ఖమ్మము ప్రాంతములోని సత్తుపల్లిలో పుట్టిన మాధవీలత ప్రతిగుడుపు పసితనముననే పోలియోకు గుఱియై చక్రముల కుర్చీ నాశ్రయించినది. చదువుకొని బ్యాంకు ఉద్యోగముపై చెన్నపట్టణము చేరిన పిమ్మట, వెన్నెముక బాధ హెచ్చగా చికిత్సకై నీటిలో దిగి, సుమారు 40 యేండ్ల వయసున ఈతగత్తె యైనది. జాతీయ పోటీలలో పతకములు గెలిచినది. అంతటితో ఆగక తమిళనాడున వికలాంగుల ఈత సంఘమును, ఆ మీదట దేశమంతటికి చక్రముల కుర్చీ బాస్కెట్‌బాల్ సమాఖ్యను నెలకొల్పుటకు పూనుకొనెను. మనమాడు భాషనే ఇంట మాటలాడుచు పెరిగిన ఒక స్త్రీ, మనమున్న రాష్ట్రమునకే వచ్చి ఈ పని చేసెనని మన పిల్లలకు తెలియవలయును.

తల్లిదండ్రులకు ఒక మాట. మన దేశమున 2016లో వికలాంగుల హక్కుల చట్టము వచ్చినది. అందలి 16వ సెక్షన్ ప్రకారము ప్రభుత్వముచే నడపబడు, లేక గుర్తింపుగాని ధనసహాయముగాని పొందిన పాఠశాలలు వికలాంగులైన పిల్లలను భేదము చూపక చేర్చుకొని, తక్కినవారితో సమానముగా చదువును, ఆటలను కల్పింపవలయును. ఆటలను అను పదము చట్టముననే యున్నది. అది దయ కాదు. 31వ సెక్షన్ ప్రకారము నిర్ణీత ప్రమాణమున వైకల్యము గల పిల్లలకు 6 నుండి 18 యేండ్లవఱకు, ఇంటికి దగ్గఱనున్న పాఠశాలలోగాని తాము కోరిన ప్రత్యేక పాఠశాలలోగాని ఉచితముగా చదువుకొను హక్కు కలదు. మనవంటివారికి ఇది మఱింత పట్టించుకొనవలసిన సంగతి. కాళ్ళు రాని బిడ్డను దూరపు పట్టణములోని ప్రత్యేక వసతిగృహమునకు పంపినచో అచట తెలుగు చెప్పువారు ఉండకపోవచ్చును. ఇంటికి ఉత్తరము వ్రాయుటకు అక్షరములే లేని స్థితి ఆ బిడ్డకు కలుగవచ్చును. కొందఱు బిడ్డలకు ప్రత్యేక పాఠశాలయే మేలు. అది వైద్యులతోను గురువులతోను ఆలోచించి తేల్చుకొనవలసినది. కాని దగ్గఱి బడిలో చేరు హక్కు లేదనుకొని మాత్రము ఎవ్వరును బిడ్డను పంపివేయకుందురుగాక.

క్రీడోత్సవమునాడు అట్టి బిడ్డను ఇంటియొద్దనే ఉంచుట మనలో పలువురు ప్రేమయనుకొని చేయు పని. ఎండ, దుమ్ము, ఎవరైన నవ్వుదురేమో అను భయము. ఆ బిడ్డ మరునాడు తరగతిలో స్నేహితులు పందెములను గూర్చి మాటలాడుకొనుట వినుచు కూర్చుండును. ఎవరైన నవ్వినచో గురువులు వారిని మందలింపగలరు. వినుచు కూర్చుండినవానికి ఆ దినమును తిరిగి ఇచ్చువారెవరు?

పందెపు కుర్చీ వెల లక్షల రూపాయలలో ఉండుట నిజమే. మన ఆటస్థలము నల్లరేగడి నేల. వాన కురిసినచో చక్రము దిగబడును, ఎండినచో పగుళ్ళలో ఇఱుకును. ఎండకాలమున ఒక పొడవాటి పట్టీని రాతిదిమ్మెతో చదును చేసి, పగుళ్ళు పూడ్చి, సున్నముతో రెండు గీతలు గీసినచో సామాన్యపు కుర్చీ పోవును. పారాలింపిక్స్‌లో కుర్చీ పరుగును మొట్టమొదట 1964లో టోక్యోలో ప్రవేశపెట్టినపుడు పందెపు కుర్చీలు ఇంకను పుట్టియుండలేదు. వారు నిత్యము కూర్చుండు బరువైన కుర్చీలతోనే పరుగిడిరి. ఆ పందెము దూరము 60 మీటర్లు. అంత స్థలము మన బడి ఆవరణమున, వేపచెట్ల వరుసనుండి చేతిపంపు వఱకు ఉన్నది.